బొటనవేలు ఎప్పుడు బయల్దేరాలి?

మా సయామా పోయిన కబురు పొద్దున్న తొమ్మిదింటికి తెలిసింది. తామ్వే పేటలో మా ఇంటి ముందుగదే నా పియానో క్లాసు. అప్పుడు ఒక పాప స్కేలు వాయిస్తోంది. ఫోన్ మోగింది. మా పుట్టింటి పేట తాకేటా నుంచి సయామా వదిన. "పోనాదమ్మా" అంది ఆవిడ. "టీ తాగీసి, గ్లాసు కడిగీసి, మంచమ్మీద కూకుంది. అంతే." వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. కానీ వెంటనే లేవలేదు. పాప స్కేలులో పైకి వెళ్ళింది, ఇంకా కిందికి రావాలి. వచ్చేదాకా కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అలవాటే అనిపిస్తోంది. సయామా విషయంలో నాకు ఎప్పుడూ ముందు వేరే పనేదో ఉండేది.

సయామా అంటే బర్మా మాటలో టీచరమ్మ. ఆవిడ మన తెలుగావిడే. ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, మా పెద్దవాళ్ళు రంగం అని పిలిచే ఈ యాంగోన్‌కి రేవు కూలీలుగా వచ్చారు. అయినా ఆవిడని మా వీధిలో తెలుగువాళ్ళూ బర్మావాళ్ళూ అందరూ సయామా అనే పిలిచేవారు. పెళ్ళి చేసుకోలేదు. అన్న పోయాక వదినా ఆవిడా ఇద్దరే ఆ ఇంట్లో ఉండేవారు. వీధిలో పియానో ఉన్న ఇల్లు అదొక్కటే. ఆ మాటకొస్తే తాకేటా మొత్తంలో ఇంకెక్కడైనా ఉండేదో లేదో నాకు తెలియదు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. ఆవిడ మంచి రాయడానికి నాకేం ఇబ్బంది లేదు, బోలెడుంది. ఇబ్బందల్లా నా గురించి రాయడంలో ఉంది. అది రాయకుండా ఇది రాస్తే మళ్ళీ ఆవిడని మోసం చేసినట్టే.

ఆ పియానో ఎలా వచ్చిందో ఆవిడ నోట వినాలి. వాళ్ళ నాన్న పోర్టులో బరువులు మోసేవాడు. సాయంత్రం భజనల్లో హార్మోనియం వాయించేవాడు. నీళ్ళు తగిలి పాడయిందని పోర్టులో వదిలేసిన పియానో ఒకటి ఆయన కంట పడింది. ఎవరిని బతిమాలుకున్నాడో ఏమో, తన జట్టు వాళ్ళనే పోగుచేసి, సాంపాన్ పడవ మీద కాలవ దాటించి, అక్కడి నుంచి భుజాల మీద ఐలేసా అంటూ ఇంటికి మోయించాడు. "ముందర నాను స్టూలు నెత్తిన ఎట్టుకోని నడిసినాను. ఎనకాల పియానో. ఏనుగు మీద దేవుడొస్తన్నట్టే జనం బయటికొచ్చి సూసినారు" అనేది. చెప్పిన ప్రతిసారీ మోసినవాళ్ళ సంఖ్య పెరిగేది. నేను మొదటిసారి విన్నప్పుడు ఎనిమిది మంది, ఆఖరిసారి విన్నప్పుడు పదహారు.

నీళ్ళలో నానిన పియానో కదా, వానాకాలం వస్తే మళ్ళీ ఉబ్బేది. నొక్కిన మెట్టు నొక్కినట్టే ఉండిపోయేది. అందుకని లోపల ఒక బల్బు వెలిగించి పెట్టేది. కరెంటు పోతే, అది పోని రోజు మాకు పండగే, గుడ్డ మూటలో బొగ్గులు కట్టి చెమ్మ పీల్చుకోవడానికి లోపల వేలాడదీసేది. పాఠానికి ముందు మా చేతులు వాసన చూసేది. మొహింగా చేపపులుసు నూడుల్స్ తిన్నా, సొరకాయ బజ్జీలు తిన్నా ఇట్టే పట్టేసేది. "ఈ సెయ్యి ఇంకా తింటంది. కడుక్కోనిరా" అని వెనక్కి పంపేది. ఆవిడ మాత్రం నోట్లో కిళ్ళీ వేసుకునే పాఠం చెప్పేది. తమలపాకు ఈనెలు తీయడానికి కుడి బొటనవేలి గోరు పొడుగ్గా పెంచుకుంది. ఆ గోరు మెట్లకి తగిలేదే కాదు. ఎందుకంటే ఆ వేలే మెట్ల మీదికి వచ్చేది కాదు.

అసలు విషయం ఇదే. ఆవిడ నాలుగు వేళ్ళతో వాయించేది. బొటనవేలు పియానో అంచు కింద, గట్టు మీద నుంచి కాలు వేలాడేసినట్టు, ఊరికే వేలాడుతూ ఉండేది. మాకూ అలాగే నేర్పింది. ఎనిమిదేళ్ళ వయసులో నేను ఒకసారి బొటనవేలు మెట్టు మీద పెడితే వేలి మీద ఒక్కటిచ్చింది.

"నాలుగేళ్ళూ కూలీలే గుంటా. ఐదోది మేస్త్రీ. మేస్త్రీ బరువెత్తడు" అంది.

మా తాతలందరూ మేస్త్రీల కింద పనిచేసినవాళ్ళే కాబట్టి ఆ మాట మా ఇంట్లో కూడా బాగా నవ్వించింది. మా నాన్న నెలరోజులు నా బొటనవేలిని మేస్త్రీగారూ అని పిలిచాడు.

ఎనిమిదేళ్ళు ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఏ పాటైనా రెండుసార్లు వింటే వాయించేదాన్ని. శ్రీరామనవమి పందిట్లో ఆవిడ హార్మోనియం, పక్కన నేను ఎవరిదో అరువు తెచ్చిన కీబోర్డు. ఆవిడ నాకు రాగం అందించి తను తగ్గిపోయేది. చుట్టూ జనం నన్ను మెచ్చుకుంటుంటే తల వంచుకుని హార్మోనియం తిత్తి ఊపుతూ నవ్వుకునేది. వినడం నేర్పింది ఆవిడే. ఒక స్వరం దగ్గర ఎంతసేపు నిలబడాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆవిడ చెప్పకపోతే నాకు ఈ రోజుకీ తెలియదు. చాలామంది సర్టిఫికెట్లున్న వాళ్ళకి తెలియదు, చూశాను.

నాకు పదహారేళ్ళప్పుడు డౌన్‌టౌన్‌లో ఒక చర్చి హాల్లో పిల్లల పియానో కార్యక్రమానికి ఎవరో పిలిస్తే వెళ్ళింది. తిరిగొచ్చి నన్ను పిలిపించింది. కిళ్ళీ కూడా వేసుకోలేదు.

"ఓ పిల్ల వాయించినాదే. ఈ కొస నుంచి ఆ కొసకి, తాడు లాగినట్టు ఎల్లిపోనాది. సెయ్యి ఎక్కడా ఎగర్నేదు. మనం నాలుగు మెట్లకోపాలి సెయ్యెత్తి మళ్ళీ ఎడతాం కాదేటి? ఆ పిల్ల ఎత్తనేదు. నాను లేసి ఎదరకెల్లి సూసినాను. బొటనేలు కింద నుంచి ఎల్తంది. దొంగలాగ."

మర్నాడే నన్ను బస్సెక్కించి, ఆ పిల్లకి నేర్పిన మేడమ్ దగ్గరికి తీసుకుపోయింది. ఆ మేడమ్ పెద్దావిడ, కరెన్ జాతి ఆవిడ, చిన్నప్పటి నుంచి పద్ధతిగా నేర్చుకుని పరీక్షలన్నీ రాసినావిడ. సయామా గుమ్మం అవతల బెంచీ మీద కూర్చుంది. నేను లోపలికి వెళ్ళి నా దగ్గరున్న గొప్ప పాట వాయించాను. మేడమ్ పాటంతా విన్నది. తర్వాత నా చేయి పట్టుకుని తిప్పి చూసింది. చేతికి నాలుగే వేళ్ళని నీకెవరు చెప్పారు అని బర్మా భాషలో అడిగింది.

 గుమ్మం దగ్గర నుంచి సయామా లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "నేనేనండీ. తప్పు నాది. పిల్లకి బుర్ర మంచిది. బాగుచేసి పెట్టండి" అని బర్మా భాషలోనే చెప్పింది.

ఆ గదిలో ఇంకో ఇద్దరు పిల్లలున్నారు. వాళ్ళు ఆవిడ కిళ్ళీ పళ్ళని, ఇక్కడి ఆడవాళ్ళు కట్టే లుంగీ నలిగి ఉండటాన్ని చూశారు. నాకు సిగ్గేసింది. ఆవిడ చూపిన ధైర్యానికి తల వంచాల్సిన చోట, ఆవిడ నాతో వచ్చినందుకు సిగ్గుపడ్డాను. అప్పటికి చిన్నదాన్ని అని సరిపెట్టుకోవచ్చు. తర్వాతవాటికి ఆ సాకు కూడా లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆవిడే మొదలుపెట్టింది.

"మా నాన్న కుడి బొటనేలు ఓడ తాడులో పడి నలిగిపోనాది. వంగదు, నొక్కదు. అందుకే నాలుగేళ్ళతో హార్మోనీ వాయించీవోడు. నాను ఆయన్ని సూసి నేర్సుకున్నాను. సిన్నదాన్ని, అదే రూలు అనుకున్నాను. ఎవులు సెప్తారు నాకు?" అంది. "పెద్దయినాక అనుమానమొచ్చినాది. అయినా నాన్న సెయ్యి కదా, తప్పెలగౌతాది అనుకున్నాను" అని నవ్వింది.

ఏనాడో రేవులో ఒక తాడు బిగిసింది. ఒక కూలీ వేలు నలిగింది. ఆ నలిగిన వేలు ఆయన కూతురి మంచి చేతిలోకి వచ్చింది, అక్కడి నుంచి మా వీధి పిల్లలందరి చేతుల్లోకీ వచ్చింది. ఏ గాయమూ లేని నా బొటనవేలు ఎనిమిదేళ్ళు అవిటిదై కూర్చుంది. మేస్త్రీ సామెత కూడా ఆయన తన వేలిని చూసుకుని చెప్పుకున్నదేనట. ఆ రోజు బస్సులో నేను ఇదంతా ఆలోచించలేదు. ఆవిడ గొంతు పెద్దది, చుట్టూ జనం వింటున్నారని విసుక్కున్నాను.

శిక్షణ అక్కర్లేదు, లోపల సంగీతం ఉంటే చాలు అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నాలుగు వేళ్ళతో ఎంత దూరం పోవచ్చో అంత దూరమూ నేను పదహారో ఏటికే పోయాను. అక్కడ గోడ. ఇంకొంచెం వేగంగా వాయిస్తే ముంజేయి పట్టేసేది. మేడమ్ మొదటి నెల నాతో ఒకే ఒక్క పని చేయించింది. స మీద బొటనవేలు, రి మీద చూపుడువేలు, గ మీద నడిమి వేలు. తర్వాత మ. ఆ మ దగ్గరికి బొటనవేలు అరచేతి కింద నుంచి వెళ్ళి చేరాలి. మణికట్టు లేవకూడదు, మోచేయి బయటికి పొడుచుకు రాకూడదు, వేలు పడుకోకుండా గోరు పక్క అంచుతో నొక్కాలి. వినడానికి ఇంతే. నాకు అది రావడానికి ఆర్నెల్లు పట్టింది. ఏడ్చాను కూడా. వచ్చిన రోజు చేయి తేలికైపోయింది. బరువంతా ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఎవరో ముందు తరాలవాళ్ళు కష్టపడి కనుక్కున్న దారిని మనకి ఒక్క నెలలో చూపించేదే శిక్షణంటే. ఎంత తెలివైన పిల్లయినా దాన్ని ఒంటరిగా కనుక్కోవడానికి ఒక జన్మ చాలదు. ఇది సయామాకి నాకంటే ముందే అర్థమైంది. అందుకే తన దగ్గరున్న ఒక్క మంచి పిల్లని తన చేత్తోనే వేరేవాళ్ళకి అప్పగించింది.

మరి నేనేం చేశాను?

పెళ్ళయి తామ్వే వచ్చాక క్లాసు పెట్టాను. గోడ మీద సర్టిఫికెట్లు వరసగా తగిలించాను. మీరెవరి దగ్గర నేర్చుకున్నారని తల్లులు అడిగితే మేడమ్ పేరు చెప్పేదాన్ని. మొదటి నుంచీ అక్కడేనా అంటే అవుననేదాన్ని. ఎనిమిదేళ్ళని ఒక్క అవునులో మింగేశాను. ఒకసారి అబద్ధం చెబితే రెండోసారి నోరు దానంతటదే తిరుగుతుంది. కొన్నేళ్ళకి నేనే నమ్మడం మొదలుపెట్టాను.

తాకేటా నుంచి కూడా పిల్లలు రావడం మొదలైంది. ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చింది. పాప చేయి మెట్ల మీద పెట్టగానే తెలిసిపోయింది, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో. బొటనవేలు అంచు కింద వేలాడుతోంది. నా చిన్నప్పటి చేయే. తల్లి ఎలా ఉందని అడిగింది.

"ఎవరు నేర్పారో గానీ చేయి పాడుచేశారు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి" అన్నాను.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నాది జారలేదు. తెలిసే అన్నాను. ఆ తల్లి మా పాత వీధిలోనే ఉంటుందనీ, ఈ మాట సాయంత్రానికల్లా అక్కడికి చేరుతుందనీ కూడా తెలుసు.

చేరింది. పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం తలుపు తీస్తే గుమ్మంలో సయామా. గొడుగు తిరగబడిపోయి, మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉంది. రెండు బస్సులు మారి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిడితే బాగుండేది, నేనూ నాలుగు అని తేలికపడేదాన్ని. ఆవిడ కుడిచేయి నా ముందు చాపింది. బొటనవేలి గోరు మొదలంటా కత్తిరించుకుంది.

"గోరు తీసీసినాను. నాకు బొటనేలు నేర్పు గుంటా" అంది.

ఆవిడ రెండో చేతిలోని గొడుగు తీసుకుని గోడకి ఆనించాను.

"నా దగ్గర ఇంకా నలుగురు ఆడపిల్లలున్నారే. ఇంత దూరం తేవడానికి ఆళ్ళ అమ్మలకి అవ్వదు. నాను పాడుసేసినవి నువ్వు బాగుసేత్తన్నావని ఇన్నాను. నానే సరిగ్గా నేర్పీసినాననుకో, నీకా పని తప్పుతాది కాదేటి?"

ఆ మాటలో ఎత్తిపొడుపు వెతికాను. లేదు. ఆవిడకి అది రాదు. నిజంగానే నా పని తగ్గించడానికి వచ్చింది.

వెనకాల సోఫాలో ఇద్దరు తల్లులు కూర్చుని ఉన్నారు. చిన్నవయసు వాళ్ళు, సగం బర్మా సగం తెలుగు మాట్లాడేవాళ్ళు. అందులో ఒకామె, "టీచర్, ఈ అమేజీ ఎవరు?" అని అడిగింది. అమేజీ అంటే పెద్దమ్మగారు అన్నట్టు. గోడ మీద నా సర్టిఫికెట్లున్నాయి. ఎదురుగా తడిసిన లుంగీతో నా మొదటి గురువు ఉంది. ఎవరని చెప్పాలి?

"మా పాత వీధి ఆంటీ. పలకరించడానికి వచ్చారు" అన్నాను.

సయామా నా మొహం కేసి ఒక్క క్షణం చూసింది. చాపిన చేయి మెల్లగా వెనక్కి తీసుకుని తడి లుంగీకే తుడుచుకుంది.

"ఔనమ్మా. ఇటేపు పనుండి వచ్చినాను. వాన తగ్గినాక ఎల్లిపోతాను" అంది ఆ తల్లితో. నా అబద్ధానికి తనే కాపు కాసింది. పావుగంట బెంచీ మీద కూర్చుని, నా క్లాసు చూసి, వాన తగ్గకుండానే లేచింది. గుమ్మం దగ్గర గొంతు తగ్గించి, "నీ పిల్లల పరీచ్చలయ్యాక రానా?" అని అడిగింది. తడింజుట్ దీపాల పండగ అయ్యాక రండి అన్నాను. అంత దూరం పెడితే మరిచిపోతుందనుకున్నాను.

మరిచిపోలేదు. పండగ దీపాలు ఇంకా బాల్కనీల నుంచి తీయకముందే వచ్చింది. ఈసారి ఇస్త్రీ లుంగీ, తల్లో పూలు. పాఠానికి వచ్చే పిల్లలా తయారై వచ్చింది. తర్వాతి స్టూడెంట్ రావడానికి పది నిమిషాలుంది. స్టూలు మీద కూర్చోబెట్టాను. బొటనవేలు స మీద పెట్టింది. అరవై ఏళ్ళు ఊరికే వేలాడిన వేలు అది, ఆవిడ మాట వినలేదు. అరచేతి కిందికి వెళ్ళమంటే చేయంతా వెంట లేచిపోయింది. నేను రెండుసార్లు వాయించి చూపించాను. గబగబా చూపించాను.

"ఇంకోపాలి" అంది.

అప్పుడే గుమ్మంలో బెల్లు మోగింది. నేను లేచాను. లేస్తూ అన్న మాట ఇది: "మీకు ఈ వయసులో ఇదంతా ఎందుకు సయామా? వచ్చిన పాటలేవో చెప్పండి, ఆ పిల్లలకి చాలు."

ఆవిడ స్టూలు మీద నుంచి లేచి చెప్పులు వేసుకుంది. "వయసు నాకొచ్చినాదే. ఆళ్ళకి రానేదు కదా" అంది. కోపంగా అనలేదు. లెక్క తప్పిన పిల్లకి సరిచేసి చెప్పినట్టు అంది. మెట్లు దిగుతూ, "పిల్ల వచ్చినాది, పాఠం సెప్పుకో. నానెల్తాను" అంది. ఆవిడ వెళ్ళిపోయాక నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడం ఎంత కష్టంగా ఉన్నా రాస్తున్నాను. హాయిగానే అనిపించింది.

తర్వాత రెండుసార్లు ఫోన్ చేసింది. ఒకసారి నిజంగానే క్లాసులో ఉన్నాను. రెండోసారి టీ తాగుతూ ఊరికే కూర్చున్నాను. మోగుతున్న ఫోన్ వైపు చూస్తూ, ఆగేదాకా కూర్చున్నాను. తిరిగి చేయలేదు. నాలుగు నెలలు గడిచాయి. ఆ తర్వాత వచ్చిన ఫోనే పొద్దున్న తొమ్మిదింటిది.

ఆ పొద్దున వంతెన దాటి వెళ్ళేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. అరుగు మీద నలుగురు ఆడపిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. పెద్దదానికి పన్నెండేళ్ళుంటాయేమో. నన్ను చూసి నిలబడ్డారు. వాళ్ళకి నేనెవరో తెలుసు. సయామా చెప్పిందట, మా గుంట తామ్వేలో పెద్ద టీచరు అని. నేను ఆవిడని ఎవరని చెప్పుకున్నానో మీకు తెలుసు కదా.

లోపల వదిన నా చేయి పట్టుకుని పియానో దగ్గరికి తీసుకెళ్ళింది. ఏడుపు మధ్యలో నాలుగు మాటలు చెప్పింది. అవి ఆవిడ నన్ను నిందించడానికి చెప్పలేదు. అదే నాకు భరించడం కష్టమైంది.

"నీ దగ్గరికొచ్చినకాడి నుంచీ అదే పనమ్మా. పొద్దు పొద్దున్నే కూకుండీది. స రి గ... స రి గ... అక్కడాగిపోయీది. మ కాడ సెయ్యి లేసిపోతంది వదినా అనీది. ఓ ముక్క తెలవట్నేదు, బొటనేలు ఎప్పుడు బయల్దేరాల? నడిమి ఏలు నొక్కినాకా? ఎత్తినాకా? ఆ గుంటనడగాల అనీది. ఫోన్ సేసినాది. పనిలో ఉన్నట్టుంది, తీరికైనాక అడుగుతాను అన్నాది."

"మరి పిల్లలకి?" అని అడిగాను.

"స్కేలు ఆపీసినాది. తెలిసినాకే సెప్తాను, మళ్ళీ తప్పు నేర్పను అన్నాది. పిల్లలు రోజూ వచ్చీవోరు. పాటలు ఇనిపించీది, తాళం ఏయించీది. పియానో ముట్టుకోనిచ్చీది కాదు."

నాలుగు నెలలు. నలుగురు పిల్లలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, నాకు తీరిక కావాలని.

పాఠకులకి చెప్తాను, ఆ ప్రశ్నకి జవాబు ఒక్క ముక్క. చూపుడువేలు నొక్కిన క్షణంలోనే బొటనవేలికి పని అయిపోతుంది, అప్పుడే అది బయల్దేరాలి. నడిమి వేలి దాకా ఆగితే ఆలస్యమైపోతుంది, ఇక చేయి ఎగరక తప్పదు. అంతే. ఆవిడ సరైన చోటే చిక్కుకుంది. ఎవరూ చెప్పకుండానే, ఎక్కడ తప్పు జరుగుతోందో పట్టుకుంది. అరవై ఏడేళ్ళ వయసులో ఒంటరిగా ఆ గోడ దాకా వచ్చి, తలుపు ఎక్కడుందని నన్ను అడగడానికి ఫోన్ చేసింది. టీ చల్లారేలోపు చెప్పగలిగిన మాట. నేను టీ తాగాను.

ఆ నలుగురికీ ఇప్పుడు నేనే పాఠం చెబుతున్నాను. ఆదివారాలు తాకేటా వెళ్తాను, ఆ పియానో మీదే. మొదటి పాఠంలోనే ఆ జవాబు చెప్పాను. వాళ్ళకి రెండు వారాల్లో వచ్చేసింది, పిల్లల వేళ్ళు కదా. ఎవరో బంధువు ఇది విని, గురువు రుణం తీర్చుకుంటున్నావు అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆవిడ అడిగినప్పుడు చెప్పని మాటని ఆవిడ లేనప్పుడు వేరేవాళ్ళకి చెబితే ఏం తీరుతుంది? పిల్లలకి మేలు జరుగుతోంది, అది వేరే సంగతి. అడిగినావిడకి జవాబు అందలేదు.

ఆ రోజు జరిగింది ఇంకొకటి ఉంది. స్నానం చేయించి, కొత్త చీర కట్టి, సయామాని చాప మీద పడుకోబెట్టారు. మనవాళ్ళ ఆచారం ప్రకారం కాలి బొటనవేళ్ళు రెండూ, చేతి బొటనవేళ్ళు రెండూ కలిపి దారంతో కట్టాలి. కాళ్ళకి ఎవరో కట్టేశారు. వదిన తెల్లదారం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సేతులకి నువ్వు కట్టమ్మా. దానికి పిల్లలంటే మీరే కదా."

చుట్టూ వీధి వీధంతా ఉంది. నేనెవరని అక్కడ ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. పక్కన కూర్చుని ఆవిడ చేతులు రెండూ గుండెల మీదికి తీసుకున్నాను. చల్లగా ఉన్నాయి, మెత్తగా ఉన్నాయి. కుడి బొటనవేలు నా వేళ్ళ మధ్య, ఎటు వంచితే అటు, ఏ ఇబ్బందీ లేకుండా వంగింది. జవాబు చెబుదామనుకున్నాను. చెప్పలేదు, దారం కొస వెతుక్కున్నాను.

దారం రెండు వేళ్ళ చుట్టూ తిప్పి ముడి వేస్తుంటే, తల దగ్గర కూర్చున్న ముసలావిడ ఒకరు వంగి చూసి, "గట్టిగా కట్టమ్మా, జారిపోతాది" అంది.

అలాగే అన్నట్టు తల ఊపాను. కానీ వదులుగానే కట్టాను.